యేసమ్మ వేయించిన ఒట్టు

యేసమ్మ నోటికి భయపడనివాళ్ళు ఆ వాడ మొత్తంలో ఇద్దరే. ఒకరు చెవిటి ఈరవ్వ. రెండోవాడు యేసమ్మ కన్నకొడుకు దేవయ్య. ఈరవ్వకు వినబడదు కాబట్టి భయం లేదు. దేవయ్య అన్నీ విని, చిన్నగా నవ్వి, "అయిపోయిందా అవ్వా? ఇగ బువ్వ పెట్టు" అనేవాడు. అలాంటి కొడుకు మీద ఏ తల్లి అయినా ఎంతసేపని అరుస్తుంది?

బోధన్‌కు కాలినడకన పోయేంత దూరంలో ఉండేది వాళ్ళ వాడ. ఓ పదిహేను ఇరవై ఇళ్ళు, అన్నీ ఆదివారం ఏసు గుడికి పోయే కుటుంబాలే. చుట్టూ ఎటు చూసినా చెరుకు. చలికాలం మొదలైందంటే చక్కెర ఫ్యాక్టరీ సైరన్‌కు లేవడం, మళ్ళీ దాని సైరన్‌కే పడుకోవడం. గాలి మారితే చెరుకు మడ్డి వాసన అన్నంలోకి కూడా వచ్చేది. ఆడా మగా అందరూ చెరుకు కొట్టడానికి పోయేవారు. చెరుకాకు అంచు తగిలితే చెంపలు, మెడ, మోచేతులు గీరుకుపోతాయి. పొద్దున వంచిన నడుము పొద్దు వాలేదాకా ఎత్తడానికి ఉండదు. ఇంటికి వచ్చాక ఎత్తుదామన్నా లేవదు.

ఆ నడుములకు సర్కారే ఒక దారి చూపించింది. బోధన్ బజారులో నల్లమందు దుకాణం ఉండేది. కార్డు ఉన్నవాళ్ళకు తూచి ఇచ్చేవారు. చిన్న ఉండ ఒకటి నాలుక కింద పెట్టుకుంటే ఆ నొప్పి పడేది తన నడుము కాదు, పక్కింటివాళ్ళది అన్నట్టుగా అయిపోయేది. చంటిపిల్లలకూ అదే ఆధారం. పిల్లను గట్టు మీద పడుకోబెట్టి పనిలోకి దిగాలంటే, ఆవగింజలో సగం గోటితో గీకి చనుమొనకు రాసి పాలిచ్చేవారు. పిల్ల ఇక సాయంత్రం దాకా కదలదు. ఏడ్చే పిల్లను గట్టు మీద వదిలేసే తల్లి చెడ్డది, నిద్రపుచ్చి పోయే తల్లి మంచిది. అప్పటి లెక్క అది. యేసమ్మకు వాళ్ళమ్మ అట్లాగే చేసింది. యేసమ్మ దేవయ్యకు అట్లాగే చేసింది. మీసాలు రాకముందే దేవయ్యకు సొంతంగా ఉండ కావలసి వచ్చింది.

వాడలో ఎవరూ దాన్ని పూర్తి పేరు పెట్టి పిలవరు. నల్ల అన్న ముక్క నోట రానివ్వరు. మందు. అంతే. "మందేసుకున్నవా?" "మందు ఒడిసింది, దుకాణం కాడికి పోవాలె." ఆ మాటకు ఇంకో అర్థం అవసరం కూడా పడలేదు. దెబ్బ తగిలితే పసుపు పెట్టేవారు, దాన్ని పసుపు అనేవారు. జ్వరమొస్తే కషాయం తాగేవారు, దాన్ని కషాయం అనేవారు. దవఖానకు పోయిన మనిషి ఆ వాడలో లేడు. మందు అంటే ఒకటే మందు.

ఒక ఎండాకాలం ముందర ఆ దుకాణం మూతపడింది. ఇక దేశంలో ఎక్కడా అమ్మకూడదని పైనుంచి హుకుం వచ్చిందట. మంచి హుకుమే, కాదనను. కానీ తినేవాళ్ళ పేగులకు ఆ హుకుం ఎవరూ చదివి వినిపించలేదు. ఊరూరా జనం ముక్కులు కారుతూ, ఆవలిస్తూ, కాళ్ళు గుంజుకుపోతూ, వాంతులతో విరేచనాలతో చాపల మీద దొర్లారు. ఉన్నవాళ్ళు రాష్ట్రం సరిహద్దు అవతల నుంచి దొంగచాటుగా తెప్పించుకున్నారు. లేనివాళ్ళు అరిచారు.

యేసమ్మ మానింది భక్తితో కాదు, పౌరుషంతో. భర్త ఏసయ్య ఏనాడో చెరుకు బండి బోల్తాపడి పోయాడు. తనకూ కొడుక్కూ మందు కోసం ఆమె దొంగచాటున అమ్మేవాడి దగ్గరికి పోయింది. వాడు పొట్లం చేతికి ఇవ్వకుండా కాళ్ళ దగ్గర మట్టిలో పడేశాడు.

"ఏరుకో" అన్నాడు.

"నీ అవ్వకు గిట్లనే ఏస్తవా బువ్వ?" అని అడిగి, పొట్లం అక్కడే వదిలేసి, వణుకుతూ ఇంటికొచ్చి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత ఏమైందో వర్ణిస్తే విని ఓర్చుకోలేరు. మానడం అంటే ఒంట్లోంచి ఒక మనిషిని పీకి పారేయడం లాంటిది. ఆ బాధలో ఉండగా ఎవరో వాకిట్లో దగ్గారు. చూస్తే బండి తోలే నర్సన్న, ఊళ్ళో కాపుల ఇంటివాడు. అతనికీ ముక్కు కారుతోంది, ఒళ్ళంతా గగుర్పొడిచి ఉంది.

"యేసమ్మక్కా, కాళ్ళు గుంజుతున్నయా?"

"నీ నోట్ల మన్నువడ! కాళ్ళేంది, పేగులే గుంజుతున్నయి."

"నాకు గట్లనే. ఇంట్ల ఆడోళ్ళ ముంగట ఏడ్వబుద్ధి కాక ఇటొచ్చిన."

"మరి నేనేంది, మొగోన్నా? ఏడువు కూసోని."

నర్సన్న వాకిట్లో రాయి మీద కూర్చున్నాడు. యేసమ్మ గడప మీద కూలబడింది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ ఆ సాయంత్రం గడిపారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆమె ఇంట్లో నీళ్ళు మాత్రం చాన్నాళ్ళ దాకా తాగలేదు. కులం చెడుతుందని భయం. "పేగులు మాత్రం ఒక్క కులమేనా నర్సన్నా?" అని ఒకనాడు అడిగితే తల దించుకుని చెంబు అందుకున్నాడు.

తర్వాత ఆత్మారాం వచ్చాడు. మరాఠీ మనిషి, బోధన్‌లో బట్టలు కుట్టేవాడు. మందు మానితే సూదిలో దారం ఎక్కించే చెయ్యి వణికిపోతోందని ఏడ్చాడు. అలా ఒకరి వెంట ఒకరు వచ్చి వాకిట్లో కూర్చోవడం అలవాటైంది. ఎవరూ దానికి పేరు పెట్టలేదు. జనమే "కూసుండుడు" అన్నారు. ఆదివారం గుడి, బుధవారం కూసుండుడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పాలి: తిన్ననా, తినలేదా. తిన్నానన్నవాణ్ణి ఎవరూ వెళ్ళగొట్టరు. ఎవరికైనా కాళ్ళు గుంజితే మిగతావాళ్ళు వెళ్ళి పిసకాలి. ఒక్కటే కట్టడి, అక్కడ అబద్ధం ఆడకూడదు. ఇంట్లో ఆడుకో, బజారులో ఆడుకో, ఇక్కడ ఆడకు.

అందరిలోకీ ఎక్కువ ఇబ్బంది పెట్టింది దేవయ్యే. వాడు అబద్ధం ఆడేవాడు కాదు, వంకలు పెట్టేవాడు.

"తిన్నవారా?"

"మందు లెక్క తినలేదు అవ్వా. పన్ను నొస్తుండె. పన్నుకు వెట్టిన."

మరోసారి కడుపు నొప్పికి. ఇంకోసారి చలి జ్వరానికి. ప్రతిసారీ నిజమే చెప్పేవాడు. నిజంగానే పన్ను వాచి ఉండేది, నిజంగానే ఒళ్ళు కాలేది. నొప్పికి వేసుకున్నదాన్ని మర్నాడు నొప్పి లేకపోయినా ఒళ్ళు అడిగేది. యేసమ్మ నెత్తి కొట్టుకుంది. ఈ సందులన్నీ మూయాలనుకుంది. తెలివైన మనిషి మరి, మూసింది.

ఒక బుధవారం బైబిలు తెచ్చి కొడుకు చేతుల్లో పెట్టింది. ఆమెకు అక్షరం రాదు, అట్ట మాత్రం తెలుసు.

"పుస్తకం మీద చెయ్యి వెట్టి చెప్పు. ఏ నొప్పికైనా, ఏ రోగానికైనా, ఎవ్వరిచ్చినా, ఏ పేరు వెట్టి ఇచ్చినా, సచ్చేదాక మందు ముట్టనని చెప్పు."

దేవయ్య ఒక్కొక్క మాటా ఆమె వెనకాలే అన్నాడు. నర్సన్న "శెభాష్, ఇగ సందు లేదు పో" అన్నాడు. ఆత్మారాం కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు యేసమ్మకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ అదే ఒట్టు, అదే మాటల్లో వేయించింది.

ఈ సంగతి తెలిసి పాస్టర్ అయ్యగారు వచ్చారు. కొత్తగా వచ్చిన చిన్నవయసు మనిషి, ఇస్త్రీ మడత నలగకుండా కూర్చోవడం ఎలాగో తెలిసినవాడు.

"ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువే చెప్పాడమ్మా" అన్నారు.

"ప్రభువుకు మందు అలవాటు లేకుండె అయ్యగారూ" అంది యేసమ్మ.

ఆయన లేచి వెళ్ళిపోయారు. వాడంతా వారం దాకా నవ్వుకుంది.

ఒట్టు పనిచేసింది. అది ఒప్పుకోవాలి. దేవయ్య మళ్ళీ ముట్టలేదు. పన్ను వాస్తే చెంప పట్టుకుని గోడకు తల కొట్టుకున్నాడు గానీ ముట్టలేదు. ఫ్యాక్టరీలో సీజను పని దొరికింది. బండ్ల మీద వచ్చిన చెరుకు దింపి మిషను దగ్గరికి ఎక్కించే పని. నవీపేట నుంచి కమలమ్మ అనే పిల్లను చేసుకున్నాడు. ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల వాడలోకెల్లా ఏడుపుగొట్టు. కమలమ్మ చెరుక్కు పోతే దేవయ్య పిల్లను భుజాన వేసుకుని కాలువ గట్టు మీద తిరిగేవాడు. చూసినవాళ్ళు "గట్ల ఏడుస్తున్నదేందిర?" అంటే, "ఏడ్వనీ. మెలకువ ఉన్నది, ఏడుస్తున్నది" అనేవాడు, ఏదో పెద్ద ఘనకార్యంలా. బుధవారాలు మాత్రం తప్పేవాడు కాదు. తన వంతు వచ్చినప్పుడు "తినలేదు" అని చెప్పే తీరు చూస్తే, ఆ ఒక్క మాట చెప్పడానికే వారమంతా బతికినట్టు ఉండేది.

చాలా ఏళ్ళు అలాగే గడిచాయి. కూసుండుడుకు వచ్చేవాళ్ళు పెరిగారు, తగ్గారు. కొందరు మానారు, కొందరు మళ్ళీ మొదలుపెట్టారు, కొందరు సారాకు మారి దానికి ఒట్టు లేదన్నారు. దేవయ్య ఒక్కడే గుంజలా నిలబడ్డాడు.

అప్పుడు దగ్గు మొదలైంది.

మొదట్లో ఫ్యాక్టరీ పిప్పి దుమ్ము అనుకున్నారు. సీజను అయిపోయినా దగ్గు పోలేదు. సాయంత్రమైతే జ్వరం. మనిషి సన్నబడ్డాడు. ఒకనాడు ఉమ్మిలో ఎరుపు చూసి కమలమ్మ అరిచింది. ఇందూరు పట్నంలో పెద్ద దవఖానకు తీసుకుపోయారు. యేసమ్మ జీవితంలో దవఖాన గడప తొక్కడం అదే మొదలు. డాక్టరు మంచివాడు, ఓపికగా చెప్పాడు. క్షయ. భయం లేదు, ఇప్పుడు నయమవుతుంది. సూదులు వేయించుకోవాలి, గోలీలు నెలల తరబడి విడవకుండా వేసుకోవాలి. మధ్యలో ఆపితే మాత్రం ప్రాణం పోతుంది. దగ్గు తగ్గడానికి ఒక సీసా కూడా ఇచ్చారు.

దేవయ్య గోలీల పొట్లం చేత్తో ముట్టకుండా చూస్తూ కూర్చున్నాడు.

"వేసుకోరా" అంది యేసమ్మ.

"మందు గదనే అవ్వా?"

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. "ఓరి నీ తెలివి సల్లగుండ! గది ఏరే, గిది ఏరే. గిది దవఖాన మందు."

"గట్లనా" అన్నాడు. తల్లి మాట కాదనలేక సీసాలో దగ్గుమందు తాగాడు. ఆ రాత్రి దగ్గకుండా నిద్రపోయాడు. ఎన్ని వారాల తర్వాతో హాయిగా నిద్రపోయిన కొడుకును చూసి యేసమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

పొద్దున లేచిన దేవయ్య మొహం పాలిపోయి ఉంది.

"అవ్వా, గదే ఇది."

"ఏది?"

"గదే. నాకెరకలేదా? పొట్టలకెల్లి ఎచ్చగ ఎక్కుతది సూడు, గదే ఎక్కింది. పొద్దుగాల్ల లేసినంక నా కండ్లు ముందుగల్ల ఆ సీసా దిక్కే పోయినయి."

యేసమ్మ సీసా మూత తీసి నాలుకకు అంటించుకుంది. పాకంలా తియ్యగా ఉంది, వెనకాల ఏదో చేదు. ఏమీ తెలియలేదు. తెలిసినా చెప్పేది కాదేమో. మళ్ళీ ఇందూరు పోయి అడిగితే డాక్టరు సీసా తిప్పి చూసి, "అవును, ఇందులో దాని సత్తు కొంచెం ఉంటుంది. అది ఆపేయండి. ఈ గోలీల్లో అలాంటిదేమీ లేదు, ఇవి మాత్రం తప్పకుండా వెయ్యండి" అన్నాడు. అంతకంటే ఎవరేం చెప్పగలరు?

కానీ దేవయ్య మనసు మూసుకుపోయింది. గోలీలూ వద్దన్నాడు, సూదులూ వద్దన్నాడు.

"గోలీల ఏం లేదని డాక్టర్‌సాబే చెప్పిండు గదరా!"

"సీసల గుడ ఏం లేదనే ఇచ్చిండ్రు. నువ్వు గుడ గది ఏరే గిది ఏరే అన్నవ్. నేన్ గదే ఇనుకుంట వచ్చిన అవ్వా, మొదటికెల్లి. ఇది పన్నుకు, అది కడుపుకు, ఇది ఏరే అది ఏరే. గా లెక్కలనే నేను పడిపోయేటోన్ని. నువ్వే గదా సందు లేకుంట ఏపిచ్చినవ్?"

 యేసమ్మ మూసిన సందులన్నీ ఆమె ముందే నిలబడ్డాయి. ఏ రోగానికైనా. ఎవ్వరిచ్చినా. ఏ పేరు పెట్టి ఇచ్చినా. ఒక్కటీ తప్పిపోకుండా ఏరి ఏరి పెట్టిన మాటలు.

బుధవారం అందరినీ పిలిపించింది. తన గురించి అడగడానికి ఏనాడూ ఎవరి గడపకూ పోని మనిషి, ఆరోజు ప్రతి ఇంటికీ పోయి చెప్పింది. వాకిలి నిండింది. దేవయ్య గోడకు ఆనుకుని కంబళి కప్పుకుని కూర్చున్నాడు.

యేసమ్మ బైబిలు తెచ్చింది. "నేనే ఏపిచ్చిన. నేనే తీస్తున్న. ఈ ఒట్టు ఇగ లేదు. నల్లమందుకే ఒట్టు. దవఖాన మందుకు లేదు. అందరు ఇన్నరు గదా?"

"ఇన్నం" అన్నారు అందరూ.

"దేవయ్యా, ఇన్నవారా?"

"ఇన్న. ఏపిచ్చింది నువ్వే గని, ఏసింది నేను గదనే అవ్వా."

నర్సన్న ముందుకు జరిగాడు. "అరే తమ్మీ, పానం పోయినంక ఒట్టు ఏం జేసుకుంటవ్? కడిగి తాగుతవా?"

"నర్సన్నా, నీకు ఒట్టు ఒక్కటే కాదు. పొలమున్నది, ఎడ్లున్నయి, నలుగురు నమస్తే పెడతరు. నాకు బుద్ధి తెలిసినకాన్నుంచి నాదని ఏమున్నది? పాలల్లనే కలిసొచ్చింది నాకు గది. దాన్ని నేను ఇడిసిన. గదొక్కటే నేను జేసిన పని. గది గిట్ల పోతే నేనెవణ్ణి?"

ఆత్మారాం ఏదో చెప్పబోయి, మరాఠీలో మొదలుపెట్టి, ఆగిపోయాడు.  ఇన్నాళ్ళూ ఆ వాకిట్లో అందరూ కలిసి దేవయ్యకు నేర్పింది అదే. వంకలు వినకు, 'ఒక్కసారే' అన్న మాటను నమ్మకు, ప్రేమగా ఇచ్చేవాళ్ళ చేతినే ముందు అనుమానించు. బాగా నేర్చుకున్నాడు. ఇప్పుడు వాళ్ళు ఏం చెప్పినా అది వాళ్ళు వద్దన్న వంకలాగే ఉంది.

బతిమాలడం పనిచేయలేదు. కమలమ్మ పిల్లను తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది, అదీ పనిచేయలేదు. అప్పుడు యేసమ్మ తన జీవితంలో ఎవరికీ చేయని పని చేసింది. గోలీలు పొడి చేసి అంబలిలో కలపమని కోడలికి చెప్పింది.

"అత్తమ్మా, ఎరకైతే?" అంది కమలమ్మ.

"ఎరకైతే నన్ను తిడతడు. బతికుంటేనే గదా తిట్టేది. కలుపు."

కొన్నాళ్ళు నడిచింది. జ్వరం కాస్త తగ్గినట్టే ఉంది. మొహంలో రంగు వచ్చిందని యేసమ్మ అనుకుంది, రాకపోయినా అనుకునేదే. బుధవారం కూసుండుడులో దేవయ్య వంతు వచ్చింది.

"తినలేదు" అన్నాడు, ఎప్పటిలాగే తలెత్తి.

కమలమ్మ తల తిప్పుకుంది. యేసమ్మ వంతు వచ్చింది. "నేను తినలేదు" అంది. అది నిజమే. "ఇంకేమన్న చెప్పేదున్నదా అక్కా?" అని నర్సన్న ఆనవాయితీగా అడిగాడు. అందరినీ అడిగేదే.

"లేదు" అంది యేసమ్మ.

ఆ వాకిట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

తర్వాత ఒక ఉదయం కమలమ్మ చెయ్యి తొందరలో పొడి సరిగ్గా నలగలేదు. అంబలి గుటకలో దేవయ్య పంటి కింద చేదు తగిలింది. చేదు అంటే వాడికి ఒకటే చేదు. గిన్నె కింద పెట్టాడు. కమలమ్మ వైపు చూడలేదు. నేరుగా తల్లి వైపే చూశాడు.

"నువ్వేనా అవ్వా?"

యేసమ్మ వంగి ఆ గిన్నె పక్కకు జరిపింది. 

వాడు అరిచి ఉంటే యేసమ్మ తట్టుకునేది. అరుపులకు ఆమె దగ్గర ఎప్పుడూ రెట్టింపు అరుపులు ఉండేవి. వాడు అరవలేదు. వాకిట్లోకి పోయి గొంతులో వేలు పెట్టుకుని కక్కాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరి చేతి బువ్వా తినలేదు. మూడు రాళ్ళ పొయ్యి వేరే పెట్టుకుని, దగ్గుతూ, ఊపిరాడక ఆగుతూ, తన గంజి తానే కాచుకున్నాడు. నీళ్ళు కూడా కాలువ నుంచి తానే తెచ్చుకున్నాడు. నడవలేని రోజున తాగలేదు. కూసుండుడుకు రావడం మానేశాడు. "ఆడ గుడ అబద్ధమే నడుస్తున్నది" అని కమలమ్మతో అన్నాడట. ఆ మాట కమలమ్మ అత్తకు చెప్పకుండా ఉండవలసింది. చెప్పింది.

యేసమ్మ ఆ పొయ్యి దగ్గరికి పోయి నిలబడేది. వాడు గంజి కలుపుతూ ఉండేవాడు.

"నా మీద కోపమా?"

"కోపమెందుకే? పానం గుంజి కలిపినవ్. నాకెరకే."

"మరి నా చేతి బువ్వ తినరాదు?"

"తిన అవ్వా."

అంత మెల్లగా చెప్పేవాడు. చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండదు.

చెరుకు సీజను మొదలయ్యే నాటికి మనిషి మంచం పట్టాడు. ఫ్యాక్టరీ సైరన్ కొట్టిన ఒక మధ్యాహ్నం, బండ్లన్నీ వాడ ముందు నుంచి పోతుండగా, కమలమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు. చివరిదాకా ముట్టలేదు. ఏదీ ముట్టలేదు.

సమాధి దగ్గర పాస్టర్ అయ్యగారు చాలాసేపు మాట్లాడారు. నడివయసుకు వచ్చి, మెత్తబడ్డ మనిషి ఇప్పుడు. ఒట్టు వద్దన్న సంగతి ఆయన మర్చిపోయారో, మర్చిపోయినట్టు ఉన్నారో. దేవయ్య ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, మరణం వరకు నమ్మకంగా ఉన్నాడు, యవ్వనస్థులు ఇతన్ని చూసి నేర్చుకోవాలి అన్నారు. జనం తలలూపారు. ఎవరో "ఆమెన్" అన్నారు.

యేసమ్మ గుంత పక్క నుంచి లేచింది.

"అయ్యగారూ, ఆపుండ్రి. ఎవ్వలు నేర్సుకోవద్దు. నా కొడుకు మాట నిలవెట్టుకోలె. మాటకు చిక్కి సచ్చిండు. గా మాట నాది. మన్నెయ్యుండ్రి."

అంతే అంది. మన్ను వేశారు.

ఆ తర్వాత కూసుండుడు దానంతట అదే పలచబడింది. సగం మంది దేవయ్యను దేవుణ్ణి చేసి, వాడిలా ఉండలేమని మానేశారు. సగం మంది యేసమ్మ ఒట్టు మనిషిని మింగేదని గొణిగి మానేశారు. ఆత్మారాం కళ్ళు కనబడక మిషను అమ్మేసి సరిహద్దు అవతల కూతురింటికి పోయాడు. కమలమ్మ పిల్లను తీసుకుని నవీపేటకు పోయింది. పోయేటప్పుడు అత్త కాళ్ళకు దండం పెట్టింది. కానీ ఆమె కట్టి ఇచ్చిన రొట్టెల మూట గడప మీదే మర్చిపోయింది. మర్చిపోయిందనే అనుకుందాం.

బుధవారాలు యేసమ్మ వాకిలి ఊడ్చి కూర్చునేది. ఎవరూ రాని బుధవారాలు ఎన్నో గడిచాక, నర్సన్న మళ్ళీ మొదలుపెట్టాడని విన్నది. తను మానిన నాడు పక్కన కూర్చున్న మొదటి మనిషి. యేసమ్మ చీర కొంగు దోపుకుని ఊళ్ళోకి, కాపుల వాడకు, అతని ఇంటికి పోయింది.

నర్సన్న పశువుల కొట్టం దగ్గర కూర్చుని ఉన్నాడు. చేతిలో చిన్న పొట్లం. ఆమెను చూసి దాచుకోబోయి, దాచుకోలేదు.

"తిట్టనీకొచ్చినవా అక్కా?"

"తిట్టే ఓపిక ఎక్కడిది?"

"మల్ల ఒట్టు ఏపిస్తవా?"

"ఏపియ్య. ఇగ ఎవ్వలకు ఏపియ్య."

"మరెందుకొచ్చినవ్?"

"కూసుండనీకి."

ఆమె కొట్టం ముందు నేల మీద కూర్చుంది. నర్సన్నకు ముక్కు కారుతోంది. ముసలి వయసులో ఆ బాధ చూడడానికి కూడా బాగుండదు.

"జర అటు మొకం తిప్పుకో అక్కా."

"తిప్పుకోను. నువ్వు తినేది తిను."

అతను చాలాసేపు పొట్లం పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత విప్పి, ఉండ చేసి, నాలుక కింద పెట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"దేవయ్య అసొంటోడు నిలవడి ఏం బావుకున్నడక్కా? నువ్వే చెప్పు. ఏం బావుకున్నడు?"

జీవితంలో ఎవరేం అడిగినా అప్పటికప్పుడు మాట తిప్పి కొట్టిన మనిషి యేసమ్మ. ఆరోజు వెతికింది, నిజంగానే వెతికింది. దొరకలేదు.

నర్సన్న చేతిలో విప్పిన కాగితం మీద ఇంకా కాస్త మిగిలి ఉంది, నల్లగా, మెరుస్తూ. చూడకూడదనుకుంటూనే చూసింది. ఇన్నేళ్ళ తర్వాత, కొడుకును మట్టిలో పెట్టాక కూడా, ఆమె నోట్లో నీళ్ళూరాయి. ఉమ్మడానికి లేవబోయింది. నర్సన్న ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాడు. నోటినిండా ఊరినదాన్ని మింగేసి, అక్కడే కూర్చుంది.